అడగండి, చెబుతాం: మెస్సు పళ్లెంలోకి మన చేని పంట

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కాలేజీ పిల్లల తిండి చుట్టూనే తిరిగాయి. తిరుపతిలో ఏ వీధికి పోయినా ఒక హాస్టలో, మెస్సో తగులుతుంది. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఆ తరవాత ఏర్పేడు దిక్కున ఐఐటీ, ఐసర్. ఇన్ని వేలమంది పిల్లలు మూడు పూటలా ఈ చుట్టుపక్కలే తింటున్నారు. వాళ్ల పళ్లెంలో ఉన్నది ఈ చుట్టుపక్కల పండిందేనా అన్నదే పాఠకుల దిగులు. అన్నిటికీ సమానంగా చోటివ్వలేదు. వంటింట్లో చెడేవాటికి ఎక్కువ చోటిచ్చాం, ఎందుకంటే పని చెడుతున్నది అక్కడే.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో ఎన్నెస్సెస్ తరఫున చిరుధాన్యాల మీద, ప్రకృతి సేద్యం మీద ఉపన్యాసాలు పెట్టిస్తున్నాం. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని ర్యాలీ కూడా తీశాం. పిల్లలు చప్పట్లు కొట్టి, గేటు బయటికెళ్లి నూడుల్స్ తింటారు. ఎక్కడ తప్పుతోంది?
— అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: ఉపన్యాసం తప్పు కాదండీ, దాన్ని ముందు పెట్టడం తప్పు. తన సొంత పళ్లెం గురించి ఒక లెక్క చేతికొచ్చాకే పిల్లలకు ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుట్టాక చెప్పిందే తలకెక్కుతుంది. అందుకని మొదట తూకం వేయించండి.

కావలసినవి తక్కువే: కూరగాయల కొట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, బకెట్లు మూడు, నల్లబల్ల ఒకటి. ఖాళీ బకెట్ల బరువు ముందే రాసిపెట్టుకోవాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్న భోజనం ఒక్కటే తూచండి. మొదటి బకెట్లో వదిలేసిన అన్నం, చపాతీ. రెండోదాంట్లో పప్పు, కూర, సాంబారు. మూడోదాంట్లో ఎముకలు, తొక్కలు, కరివేపాకు, మునక్కాయ పిప్పి. ఈ మూడోది లెక్కలోకి రాదు. తిన్నవాళ్ల సంఖ్య పళ్లేలను బట్టి రాసుకోండి. మొదటి రెండు బకెట్ల బరువును ఆ సంఖ్యతో భాగిస్తే తలకెంత పారేశామో తెలుస్తుంది.

ఉదాహరణకి 300 మంది తిన్నచోట 27 కిలోలు మిగిలితే తలకు 90 గ్రాములు. అందులో 18 కిలోలు అన్నమే అనుకోండి. కిలో బియ్యం వండితే దగ్గర దగ్గర మూడు కిలోల అన్నం అవుతుంది కాబట్టి రోజుకు 6 కిలోల బియ్యం కాలవలో పోసినట్టు. నెలలో 25 రోజులకు 150 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు ఆరు. ఈ ఆరు బస్తాల మాట పిల్లల్ని ఆపి ఆలోచింపజేస్తుంది. దాన్ని మరునాడు భోజనం వరసలో, పళ్లెం తీసుకునే చోటే రాయాలి. నోటీసు బోర్డులో పెడితే ఎవరూ చూడరు.

చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. పళ్లెంలోనే చేయి కడిగేస్తే నీళ్ల బరువు కలిసి లెక్క పాడవుతుంది. కాబట్టి చేయి కడిగే తొట్టికి ముందే బకెట్లు ఉండాలి. హాల్లో ఉన్న తక్కిన చెత్తబుట్టలు ఆ ఐదు రోజులు తీసేయండి, లేకపోతే మొహమాటపడి అందులో వేసిపోతారు. ఎవరు ఎంత వదిలారో పేరు రాయడం, పళ్లేలకు ఫోటోలు తీయడం అసలు వద్దు. సిగ్గుపడ్డ పిల్లలు దాచడం నేర్చుకుంటారు, తినడం కాదు. అన్నిటికన్నా ముఖ్యం వంటవాళ్లు. తమ వంటకు వంక పెట్టడానికే ఈ తూకమని అనుకుంటారు, అలా అనుకోవడం సహజం. ముందురోజే కూర్చోబెట్టి చెప్పి, తూకం దగ్గర వాళ్లలో ఒకరిని నిలబెట్టండి. పరీక్షల వారం, పండగ వారం వద్దు.

వారం తిరిగేసరికి ఏ వంటకం ఎక్కువగా పారబోస్తున్నారో తేలిపోతుంది. ఆ ఒక్కదాన్నే మార్చండి, వారానికి ఒక్కపూట. ఆ తరవాత పంట చూపించండి. 1961 నుంచి వ్యవసాయ కళాశాల తిరుపతిలోనే ఉంది. ఊరి పక్కన పెరుమాళ్లపల్లి పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే వకుళ, తిరుమల అనే రాగి రకాలు. ఖరీఫ్ రాగి వెన్ను తీసే వేళకు, అంటే అక్టోబర్ ప్రాంతంలో, ముందుగా అనుమతి తీసుకుని ఒక క్లాసును అక్కడికి తీసుకుపోండి. రాగి వెన్ను పిడికిలి ముడిచినట్టు ఉంటుందని పుస్తకంలో చదవడం ఒకటి, చేతిలో పట్టుకోవడం ఇంకొకటి.

ప్రశ్న: పిల్లల కోరికమీదే బుధవారం మధ్యాహ్నం రాగి సంగటి పెట్టాం. సగం మంది ముట్టుకోలేదు. కొన్ని ముద్దలు రాయిలా ఉన్నాయన్నారు, కొన్నిట్లో పొడిపిండి ఉండలు, పళ్ల కింద ఇసుక. మా వంటమనిషి ఇంట్లో బ్రహ్మాండంగా చేస్తాడు. ఇక్కడెందుకు కుదరలేదు?
— హాస్టల్ మేనేజర్, చంద్రగిరి దగ్గర

జవాబు: మీ వంటమనిషి తప్పేమీ లేదు. ఇంట్లో ఐదుగురికి కెలికే సంగటిని వందలమందికి ఒకే గుండిగలో కెలకమంటే ఎవరివల్లా కాదు. మీరు రాసిన మూడు లోపాలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి.

ఇసుక సంగతి ముందు. రాగి గింజ ఆవగింజంత. కళ్లం మట్టినేల అయినా, తారురోడ్డు మీద నూర్చినా సన్న ఇసుక కలిసి తీరుతుంది, జల్లెడకు దొరకదు. పిండి కొనకండి, రాగులు కొనండి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి బియ్యం గాలించినట్టే గాలించాలి. గింజ తేలుతూ పక్క గిన్నెలోకి జారుతుంది, ఇసుక అడుగున నిలుస్తుంది. రెండుసార్లు చేసి, పలచగా ఎండబోసి, కొరికితే టక్కుమనేదాకా ఎండనిచ్చి మరకు పంపండి. మర నుంచి వేడిగా వచ్చిన పిండిని అలాగే సంచిలో మూట కడితే లోపల చెమ్మ పట్టి గడ్డలు కడుతుంది, బూజు వాసన వస్తుంది. గుడ్డమీద పరిచి చల్లారాకే డబ్బాకెత్తాలి. రాగిపిండి నెలకు సరిపడా ఆడించుకోవచ్చు. సజ్జపిండి అయితే వారం పది రోజులకే చేదెక్కుతుంది, దానిలో నూనె ఎక్కువ.

ఇక ఉండలు. ఒక దఫాకు 25 మందికి మించి వండకండి. 25 మందికి బియ్యపు నూకలు కిలోంబావు, రాగిపిండి కిలోంబావు, నీళ్లు 7 లీటర్లు, ఉప్పు రెండు పెద్ద చెంచాలు. అలవాటు లేని పిల్లలకు మొదటి నెలంతా నూకలు, పిండి సమానంగా ఉండాలి. తరవాత నూకలు కిలోకు తగ్గించి పిండి కిలోన్నరకు పెంచుకోవచ్చు. నూకలు అరగంట నానబెట్టండి. ఎసరు తెర్లాక ఉప్పు, నూకలు వేసి, పన్నెండు పదిహేను నిమిషాలు మెత్తగా జావ అయ్యేదాకా ఉడికించండి. పిండి వేసే ముందు ఆ జావ నుంచి లీటరు గంజి పక్కకు తీసి పెట్టుకోవాలి. ఇది మరిచిపోతే తరవాత గట్టిపడ్డ సంగటిలో చన్నీళ్లు పోయాల్సివస్తుంది, దాంతో పచ్చివాసన తగులుతుంది.

ఇప్పుడు మంట సన్నం చేసి, పిండి మొత్తం నడిమధ్యన కుప్పగా పోయండి. కలపకూడదు. తెడ్డు కాడతో కుప్పలో నాలుగు చోట్ల అడుగుదాకా గుంతలు చేసి మూత పెట్టండి. ఆవిరి ఆ గుంతల్లోంచే పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. పది నిమిషాలకు పైపిండి తడిసి ముదురు రంగుకు తిరుగుతుంది. అప్పుడు దించి కెలకాలి, ఒకరు గుండిగ అంచును తడిగుడ్డతో గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు పిండిని గిన్నె గోడకేసి ఒత్తుతూ తిప్పాలి. ఆవిరి పట్టకముందే తిప్పితే పిండిగడ్డ పైపొర జిగురై లోపలికి నీళ్లు పోనివ్వదు. మీ పిల్లలకు తగిలిన ఉండలు అవే. మరీ గట్టిగా ఉంటే తీసిపెట్టిన గంజి గరిటెడు గరిటెడు పోసుకుంటూ తిప్పండి. వేలు తడి చేసి తాకితే అంటకూడదు. అంటితే మూతపెట్టి ఇంకో ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉంచండి.

రాయిలా అయ్యాయంటే మీరు పదకొండున్నరకే అన్నీ చేసి పెట్టుకున్నారన్నమాట. సంగటి చల్లారేకొద్దీ అందులోని పిండిపదార్థం బిగుసుకుంటుంది, పైన పొర ఎండుతుంది. మూతబిగువు డబ్బాలో తడిగుడ్డ కప్పినా అరగంట, ముప్పావుగంటకు మించి మెత్తగా నిలవదు. మీ భోజనాల వేళ గంటన్నర ఉంటే అరగంటకొక దఫా దిగాలి. రెండు పొయ్యిలు, నాలుగు గుండిగలు తిప్పుకుంటే గంటన్నరలో రెండువందల ముద్దలు తీయొచ్చు. తక్కినవాళ్లకు అన్నం ఉంచండి. అందరికీ సంగటే పెట్టాలన్న పట్టుదల మొదట్లో వద్దు.

పక్కన ఏం పెట్టారో మీరు రాయలేదు. సాంబారు పెట్టి ఉంటే సంగటి ఓడిపోవడంలో వింత లేదు. సంగటిని నమలరు, మింగుతారు, దానికి జారుడుగా ఉండే పులుసో, ఘాటుగా ఉండే పచ్చడో తోడుండాలి. చిత్తూరు పక్క పిల్లలకు ఊరుబిండి చాలు. 25 మందికి వేయించి పొట్టు తీసిన చెనిగ్గింజలు (వేరుశనగ) 750 గ్రాములు, ఎండుమిరపకాయలు 60 గ్రాములు, చింతపండు 50 గ్రాములు, తెల్లగడ్డలు 50 గ్రాములు, ఎర్రగడ్డలు 300 గ్రాములు. ఎర్రగడ్డలు చివర్లో వేసి కచ్చాపచ్చాగా నూరాలి. మిక్సీని ఆపకుండా తిప్పితే గింజల్లోంచి నూనె ఊరి ముద్దైపోతుంది, అది ఊరుబిండి కాదు. ఆపి ఆపి తిప్పండి. గింజల్లో ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయాల్సిందే. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయానికి చెరుపు, వేయించినా పూర్తిగా పోదు. ఈ ఏరే పని మిగుల్చుకోవాలని చూడకండి.

ప్రశ్న: 'లోకల్ ఫుడ్' అంటే ఎన్ని కిలోమీటర్ల లోపలిది? మా గ్రూపులో ఒకరు వంద అంటారు, ఒకరు జిల్లా అంటారు. చెన్నై నుంచి వచ్చే కూరగాయలు తినకూడదా?
— బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

జవాబు: కిలోమీటర్లతో తేలదమ్మా. తిరుపతి నుంచి మదనపల్లె ఎంత దూరమో చెన్నై కూడా ఇంచుమించు అంతే. పైగా మదనపల్లె, పలమనేరు, వి.కోట దిక్కు టమాటాలు చెన్నై, బెంగళూరు మార్కెట్లకు పోతాయి. మన పక్క కాయ చెన్నై కోయంబేడు మార్కెట్ చుట్టి మళ్లీ మన అంగడికి వచ్చిందనుకోండి, దాన్ని లోకల్ అందామా, కాదందామా?

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. చాలా తిండిపదార్థాల విషయంలో లారీ ప్రయాణం వల్ల కలిగే కాలుష్యం మొత్తంలో చిన్న వాటా. పొలంలో వాడిన నీళ్లు, ఎరువు, కరెంటు, ఆపైన మనం పారేసింది, ఇవే పెద్దవి. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని బోర్లున్నాయి. అలాంటి బోరు కింద వరి పండిస్తే, అది మన ఊరి పక్కదే అయినా, నేలకు మేలు చేసినట్టు కాదు. అదే చోట వానకు పండే చెనక్కాయ, రాగి, ఉలవ, అనప, కంది, అలసంద ఈ నేల మోయగలిగినవి. శ్రీకాళహస్తి వైపు చెరువుల కింద పండే వరి సంగతి వేరు.

కాబట్టి కిలోమీటర్లడగడం మానేసి, కొనేటప్పుడు 'ఇది ఇప్పుడు ఇక్కడ కాసే కాలమేనా, ఏ నీళ్లతో కాసింది, నేనిచ్చే రూపాయిలో రైతుకు ఎంత చేరుతుంది' అని అడగండి. మూడో ప్రశ్న ఎందుకంటే మామిడి చూడండి. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, పైన ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 రూపాయలు రైతుకు ఇవ్వాలని నిర్ణయించాల్సివచ్చింది. దామలచెరువు, బంగారుపాళ్యం మామిడి మండీలు మీకు బస్సు దూరంలోనే ఉన్నాయి. అదే వేళ కాలేజీ క్యాంటీన్లలో అమ్మింది సీసాలో నింపిన మామిడి రుచి నీళ్లు.

కాలం సంగతి మీ గ్రూపు గోడమీద రాసుకోదగింది. ధనుర్మాసం, సంక్రాంతి రోజుల్లో అనపకాయలు. గింజలు నానబెట్టి తోలు పితికి చేసే పితికిపప్పు ఆ రెండు నెలలకే. ఫిబ్రవరి, మార్చిలో కొత్త చింతపండు, ఆ వెంటనే చింతచిగురు. ఎండాకాలం మునక్కాయ, తాటిముంజెలు, మామిడి. వాన మొదలయ్యేసరికి నేరేళ్లు. వానలు పడ్డాక చేలల్లో తమంతట మొలిచే సిర్రాకు, దొగ్గలాకు, గురుగాకు, వీటిని కలిపి వండితే కలగూర. అక్టోబర్, నవంబర్‌లో పచ్చి చెనక్కాయలు, సీతాఫలాలు. సిర్రాకు, గురుగాకు రోడ్డంచున, మురుగు కాలవ పక్కన కోయకండి, ఆకు గుర్తుపట్టడం వచ్చిన పెద్దవాళ్లు వెంట లేకుండా అసలు కోయకండి.

ప్రశ్న: మెస్సు కమిటీలో విద్యార్థి ప్రతినిధిని. నాలుగు వందలమందికి కూరగాయలు రైతుల దగ్గరే నేరుగా కొందామని మొదలుపెట్టాం. మూడో వారానికే ఆగిపోయింది. రైతు సరుకు తేలేదు, మేము డబ్బు ఆలస్యం చేశాం, వంటవాళ్లు కాయల సైజు బాలేదన్నారు. ఎలా సరిచేసుకోవాలి? మందులు కొట్టని పంటని ఎలా నమ్మాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: కారణాలు మూడూ మీరే రాశారు. వాటిలో మొదట సరిచేయాల్సింది డబ్బు. మండీలో కాయ దింపితే రైతుకు అదేరోజు చేతిలో పడుతుంది. కాలేజీ బిల్లు సంతకాలు తిరిగి నెలకు వస్తుంది. అందుకే రైతు మళ్లీ మండీకి వెళ్లాడు. ప్రిన్సిపాల్‌తో, అకౌంట్స్ వాళ్లతో మాట్లాడి ఒక వారం సరుకుకు సరిపడా సొమ్ము విడిగా పెట్టించి, వారం వారం బ్యాంకు ఖాతాకు వేయించే ఏర్పాటు జరిగేదాకా మళ్లీ మొదలుపెట్టకండి. ఇది పోస్టర్లకన్నా పెద్ద పని.

రెండోది, అన్నీ ఒకేసారి కొనకండి. రోజూ వాడేవి, నిలవుండేవి, కోయడానికి తేలికైనవి, ఇలాంటివి రెండు మూడుతో మొదలుపెట్టాలి: టమాటా, గుమ్మడి, దోసకాయ. లెక్క ఇలా వేసుకోండి. పప్పుకు, రసానికి కలిపి తలకు 40 గ్రాముల టమాటా అనుకుంటే నాలుగు వందలమందికి 16 కిలోలు. వంటింట్లో తీసేసేవి, చితికినవి పదో వంతు కలిపి 18 కిలోలు. వారానికి ఆరు రోజులైతే 108 కిలోలు. రెండు విడతలుగా, సోమవారం, గురువారం 54 కిలోల చొప్పున తెమ్మనండి. మొదటి విడతలో సగం పండువి, సగం దోరవి ఉండాలని చెప్పాలి, లేకపోతే బుధవారానికి గుజ్జయిపోతాయి. ఆకుకూరలు చివరికి పెట్టుకోండి, పొద్దున కోసింది మధ్యాహ్నానికి వడలిపోతుంది, తోటకూర నాలుగువందలమందికి తరిగే చేతులు మీ వంటింట్లో ఉండవు.

ఒక్క రైతు మీద ఆధారపడకండి. వానొస్తే, బోరు చెడితే ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఒక ఊరి రైతు ఉత్పత్తిదారుల సంఘంతోనో, పొదుపు సంఘం మహిళలతోనో మాట్లాడుకుంటే పదిమంది చేలనుంచి సరుకు కూడుతుంది. మాట తీసుకునేటప్పుడే 'ఇది లేకపోతే ఇంకేం తెస్తారు' అన్నది కూడా రాసుకోండి: బెండ లేకపోతే గోరుచిక్కుడు, బీర లేకపోతే సొర. మెనూలో 'బెండకాయ వేపుడు' అని కాకుండా 'ఈ రోజు కాయ' అని వేస్తే వంటవాళ్లకు, రైతుకు ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది.

ధర విషయంలో ఏడాదంతా ఒకటే అంటే ఎవరో ఒకరు నష్టపోతారు. టమాటా ఒక నెల రోడ్డుమీద పారబోసే ధరకు పడుతుంది, ఇంకో నెల వందకు ఎక్కుతుంది. మార్కెట్ కమిటీ ధరను వారం వారం చూసి, దానికి తగ్గు హద్దు, పెచ్చు హద్దు ముందే ఒప్పుకోండి. ధర పడ్డప్పుడు మీరు నిలబడితేనే ఎక్కినప్పుడు రైతు నిలబడతాడు.

సైజు మాట నిజం, సన్నకాయ తరగడానికి వేళ పడుతుంది. రసానికి, పచ్చడికి సైజుతో పనిలేదు కాబట్టి చిన్నకాయ అక్కడికి, పెద్దకాయ కూరకు అని వంటమనిషితోనే ఏరించండి. బయటి సంఘం వండి తెచ్చి అమ్మే పదార్థాలకు మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ అడిగి తీరాలి.

మందులు కొట్టని పంటని ఎలా నమ్మాలని కూడా అడిగారు. చిన్న రైతుల బృందాలకు పీజీఎస్ ఇండియా పేరిట ధ్రువీకరణ ఉంది. బృందంలోని రైతులు ఒకరి చేను ఒకరు పరిశీలిస్తారు. మారుతున్న దశలో ఉన్నవాటికి 'గ్రీన్', పూర్తయినవాటికి 'ఆర్గానిక్' అని రాస్తారు. ప్రకృతి సేద్యం చేసే ఊళ్లలో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ సిబ్బంది ఉంటారు, వాళ్లను అడిగితే ఎవరు ఏం పండిస్తున్నారో చెబుతారు. కాగితం ఏదైనా సరే, ఏడాదికి రెండుసార్లు మీ కమిటీ చేను దగ్గరికి పోయి చూడటానికి సాటి రాదు.

ప్రశ్న: ముగ్గురం రూము తీసుకుని ఒక కుక్కరు, ఒక ఇండక్షన్ పొయ్యితో వండుకుంటున్నాం. చేతిలో డబ్బు తక్కువ, పొద్దున వేళా తక్కువ. మాకు ఇవన్నీ కుదురుతాయా?
— పీజీ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీకే బాగా కుదురుతాయి. పప్పులు, ఉలవలు, చెనిగ్గింజలు ఫ్రిజ్ లేకుండా నిలవుంటాయి. ముగ్గురికి వారానికి ఉలవలు అర కిలో, అలసందలు అర కిలో, కందిబేడలు ముప్పావు కిలో, చెనిగ్గింజలు అర కిలో పెట్టుకోండి.

ఉలవలు 150 గ్రాములు రాత్రి నానేసి, పొద్దున ఆ నీళ్లు వంపి, కొత్త నీళ్లు లీటరు పోసి కుక్కర్లో ఆరేడు కూతలు రానివ్వండి. గింజలు మెత్తబడకపోతే పాత ఉలవలని అర్థం, రెండు కూతలు ఎక్కువ పెట్టండి. వార్చిన కట్టు మధ్యాహ్నానికి చింతపండుతో చారు, గింజలు ఎర్రగడ్డ తాలింపుతో పొద్దున గుగ్గిళ్లు. ఒక కుక్కరు, రెండు పూటలు.

కూరగాయలకు రైతు బజారుకు పోండి. 1999 నుంచి ఉన్న ఏర్పాటు ఇది, ధరల బోర్డు ఎదురుగానే ఉంటుంది. పొద్దున ఏడింటికి సరుకు తాజాగా ఉంటుంది, మూసే వేళకు ఆకుకూరలు చవక. అసలు రైతును గుర్తుపట్టడం కష్టం కాదు: ముందు రెండు మూడు రకాలే ఉంటాయి, కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, గుర్తింపు కార్డు అడిగితే చూపిస్తారు. ఆపిల్, క్యారెట్, కాలీఫ్లవర్ వరసగా పేర్చి ఉంటే అది ఒక చేని పంట కాదు.

ప్రశ్న: మా క్లబ్బు పోస్టరులో 'రాగులు తింటే షుగర్ రాదు' అని రాశాం. ఒక మేడమ్ వద్దన్నారు. ఎందుకు?
— నర్సింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మేడమ్ చెప్పింది సరైనదే. మెత్తగా ఆడించిన పిండితో చేసిన జావ, సంగటి రక్తంలో చక్కెరను బాగానే పెంచుతాయి. పరిమాణం, పక్కన తిన్న పప్పు, కూర లెక్కలోకి వస్తాయి. రాగిలో నిజంగా గొప్పది కాల్షియం: 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో ఉండేది దానికి పదోవంతు కూడా కాదు. అది రాయండి. ఇనుము ఒంటికి పట్టాలంటే భోజనం వెంటనే టీ తాగొద్దని, నిమ్మకాయ పిండుకోమని చిన్న అక్షరాల్లో చేర్చండి.

ప్రశ్న: మెస్సులో మిగిలిన అన్నం పాలవాళ్లు పశువులకు తీసుకుపోతారు. తొక్కలు కంపోస్టు గుంతలో వేస్తే వాసనతో క్లాసులు ఖాళీ అవుతున్నాయి.
— పర్యావరణ క్లబ్బు, పుత్తూరు

జవాబు: ముందు అన్నం సంగతి, ఎందుకంటే ఇది ప్రాణాల మీది విషయం. ఆవు, గేదె ఒక్కసారిగా ఎక్కువ అన్నం తింటే పొట్టలో ఆమ్లం పెరిగి చచ్చిపోవచ్చు. బకెట్లకు బకెట్లు ఒకే పశువుకు పెట్టొద్దని, ఎండుమేతతో కలిపి కొద్దికొద్దిగా పెట్టమని తీసుకుపోయేవాళ్లకు గట్టిగా చెప్పండి. పులిసింది, బూజు పట్టింది అసలు ఇవ్వొద్దు.

వాసనకు కారణం తడి ఎక్కువై గాలి ఆడకపోవడం. బకెట్ తొక్కలకు రెండు బకెట్ల ఎండుటాకులు వేయండి. కానుగ, వేప ఆకులు క్యాంపసులో రాలుతూనే ఉంటాయి, తగలబెట్టకుండా సంచుల్లో దాచుకోండి. కుప్ప మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే లోపల వేడి పుడుతుంది. చేయి పెట్టలేనంత వేడెక్కితే బాగా నడుస్తున్నట్టు. వారం పది రోజులకోసారి తిరగేయండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి: ధారగా వస్తే ఎండుటాకులు, పొడిగా ఉంటే నీళ్లు. నూనె కూరలు, సాంబారు, ఎముకలు వేయొద్దు. రెండు, రెండున్నర నెలల్లో మట్టివాసన వేసే నల్లటి ఎరువు అవుతుంది.

ప్రశ్న: ఆ ఎరువుతో కాలేజీలో రెండు సెంట్ల తోట వేద్దామనుకుంటున్నాం. ఏం వేయాలి?
— అదే క్లబ్బు

జవాబు: మొదటి పంట ఎప్పుడు వేయాలన్నది సెలవులను బట్టి చూసుకోండి. కాలేజీ తోటలు చాలావరకు చచ్చేది పురుగుతో కాదు, మే నెల సెలవుల్లో నీళ్లు లేక. జూలై, ఆగస్టులో తోటకూర, గోంగూర, గోరుచిక్కుడు వేయండి. తోటకూర 25, 30 రోజులకే కోతకొస్తుంది, చల్లినవాళ్లే తింటారు. నవంబర్‌లో మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి. ఫిబ్రవరి తరవాత కొత్తగా ఏదీ నాటకండి. అంచున మునగ కొమ్మలు రెండు, కరివేపాకు మొక్కలు రెండు పెడితే ఒకసారి వేరూనాక సెలవులను తట్టుకుంటాయి, ఎండుటాకులు మొదళ్ల దగ్గర అరడుగు మందాన కప్పి పెట్టండి.

ప్రకృతి సేద్యంలో చేనుకు పోసే జీవామృతం ఎకరానికి 200 లీటర్లు అంటారు కాబట్టి మీ రెండు సెంట్లకు 4 లీటర్లు చాలు. 20 లీటర్ల నీళ్లలో నాటు ఆవు పేడ కిలో, మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, ఉలవపిండి 200 గ్రాములు, మందులు తగలని గట్టుమట్టి గుప్పెడు కలిపి, గోనెపట్టా కప్పి నీడలో 48 గంటలు ఉంచండి. పొద్దున, సాయంత్రం కర్రతో ఒకేవైపు తిప్పాలి. బకెట్‌కు బిగుతు మూత పెట్టకూడదు, లోపల గాలి పుట్టి పొంగుతుంది. వారంలోపు వాడేయండి. మిగిలింది పక్కవాళ్ల తోటకిస్తే సరి.